ఏరు పక్కనే ఉంది, కథ మాత్రం కదలడం లేదు

రాజోలు వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దని రాసినవారు కోరారు. ఆమెకు 38 ఏళ్ళు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతారు. కథలు రాస్తారు, కొన్ని వారపత్రికల్లో అచ్చయ్యాయి. పుట్టిల్లు వసిష్ఠ గోదావరిలో ఒక లంక, అంటే ఏటి మధ్య దీవి. రెండేళ్ళ కిందట నాన్నగారు పోయారు. ఆ ఏడు వరదకి ఇంటి వెనకాల కొబ్బరితోట సగం ఏట్లో కలిసిపోతే, అన్నయ్యా వదినా ఇల్లు వదిలేసి గట్టు ఇవతలికి వచ్చేశారు. ఆ ఇంటి మీద నవల మొదలుపెట్టారామె. 40 పేజీల దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత చిన్న కథ రాయడం కూడా కష్టమైంది.

'ప్రకృతిలో గడుపు, అదే రాయిస్తుంది' అని తోటి రచయిత్రి ఒకరు చెబితే దిండి వెళ్ళి రెండు రోజులున్నారు. నాలుగు పేజీల సూర్యాస్తమయంతో తిరిగొచ్చారు. దాంతోనే ఒక కథ అల్లి పంపితే, 'వర్ణన బాగుంది, కథ లేదు' అని సంపాదకులు తిప్పి పంపారు. సరే, ఊళ్ళోనే నడుద్దామని సాయంత్రాలు ఏటిగట్టు ఎక్కితే ఇంట్లో గొడవ. 'ఆడదానివి, గట్టు మీద ఒక్కత్తివీ తిరుగుతుంటే జనం ఏవనుకుంటారమ్మా' అని అత్తగారు. భర్త వరిచేను మానేసి రొయ్యల చెరువులు చేస్తున్నారు. ఆయన ఏమీ అనరు, కానీ ఒకసారి 'రాసుకోడానికి గట్టే ఎక్కాలా?' అన్నారట.

చివర్న ఇలా అడిగారు: "పుట్టినప్పట్నుంచీ ఏరు పక్కనే ఉన్నాను. నాకే ఏమీ కనబడకపోతే ఇంకెవరికి కనబడుతుంది? 15 రోజులు జీతం లేని సెలవు పెట్టి మారేడుమిల్లి అడవిలోకి వెళ్ళిపోనా? ప్రకృతి రాయిస్తుందన్న మాట నిజమేనా, లేక నాలో రాసే శక్తే అయిపోయిందా?"

*

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ శక్తి అయిపోలేదు. మీ ఉత్తరం రెండో పేజీలో, వేరే ఏదో చెబుతూ మధ్యలో మీరు ఇలా రాశారు: "నాన్న ఏటా వరద తీశాక ఇంటి వెనక్కి వెళ్ళి, ఒడ్డుకీ చివరి కొబ్బరిచెట్టుకీ మధ్య అడుగులేసి లెక్కపెట్టేవారు. ఆ లెక్క ఎవరికీ చెప్పేవారు కాదు." ఈ రెండు వాక్యాల్లో ఒక మనిషి ఉన్నాడు, అతని భయం ఉంది, దాపరికం ఉంది, వెనకాల ఏరు ఉంది. దిండిలో రాసిన నాలుగు పేజీల్లో ఇవేవీ లేవు. ఇది రాయగలిగిన మనిషికి కథ రాదనుకోవడానికి నాకు కారణం కనబడలేదు. చేయి ఎక్కడ ఆగిందన్నదే తేల్చుకోవాలి.

'ప్రకృతి రాయిస్తుంది' అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. చెట్లూ నీళ్ళూ ఉన్నచోట కాసేపు గడిపితే అలసిన ధ్యాస తేరుకుంటుంది, ఇది ఒకటి. కథకు కావలసిన సరుకు దొరుకుతుంది, ఇది రెండోది. మొదటిదానికి ఏ పచ్చని చోటైనా పనికొస్తుంది. రెండోది అలా కాదు. తెలిసిన చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, అక్కడ పనిచేసే మనుషులతో మాట్లాడాలి. మీరు దిండికి మొదటిదాని కోసం వెళ్ళి, రెండోది రాలేదని దిగులుపడ్డారు.

మొదటి సంగతి మీద పరిశోధనలు జరిగాయి. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరిని చెట్ల తోటలో నడిపించి, ఇంకోసారి రద్దీ వీధుల్లో నడిపించి, తిరిగొచ్చాక అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. తోటలో నడిచి వచ్చినప్పుడు బాగా చెప్పగలిగారు. అందులో మీకు అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. నడక ఆనందంగా అనిపించిందా లేదా అన్నదానితో ఈ మేలుకు సంబంధం కనబడలేదు. గట్టు మీద నడుస్తుంటే మనసు పొంగడం లేదని మీరు రాశారు. పొంగనక్కర్లేదు. నడిచి వస్తే చాలు.

2014లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన పరిశోధన నడక మీదే. కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు ఎక్కువగా వచ్చాయి. ఖాళీ గోడకెదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా వచ్చాయి. కానీ ఒకే ఒక సరైన జవాబు పట్టుకోవాల్సిన పరీక్షల్లో నడక సాయం చేయలేదు. దీన్ని కథకి అన్వయించుకోండి. 'ఇప్పుడు ఏమేం జరగవచ్చు' అన్నది నడుస్తూ ఆలోచించాల్సిన ప్రశ్న. 'వీటిలో ఏది జరగాలి' అన్నది బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న. చాలామంది నడకలోనే కథ పూర్తి చేసుకు రావాలని చూస్తారు. ఇంటికొచ్చేసరికి రెండు మూడు ఊహలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చేతిలో ఏమీ మిగలదు.

కాబట్టి గట్టెక్కేముందు ఒకే ఒక ప్రశ్న కాగితం మీద రాసుకోండి. 'నవల ముందుకెలా వెళ్ళాలి' లాంటిది కాదు, అంత పెద్ద ప్రశ్నకి మెదడు జవాబివ్వదు. 'ముసలాయన అడుగుల లెక్క కొడుక్కి ఎందుకు చెప్పడు?' అన్నంత చిన్నదై ఉండాలి. మొదటి పది, పదిహేను నిమిషాలు బడి గొడవలూ రేపటి టిఫినూ తప్ప ఏమీ తోచవు. వాటిని తోసేయాలని చూడకండి, వాటంతటవే పలచబడతాయి. ఆ తర్వాత ఆ ప్రశ్నకు తోచినన్ని జవాబులు రానివ్వండి. మొదట తోచేది సాధారణంగా ఇదివరకు ఎక్కడో చదివిన జవాబే అయ్యుంటుంది. మూడోదో నాలుగోదో మీదవుతుంది. ఇంటికి రాగానే, చీర మార్చుకోకముందే అన్నీ ఒక్కో మాటగా రాసేయండి. ఎంచుకోవడం మర్నాడు పొద్దున.

ఫోను మాట. భద్రత కోసం వెంట ఉండాల్సిందే, డేటా మాత్రం ఆపేయండి. ఫొటోలు తీయొద్దని గట్టిగా చెబుతాను. ఫొటో తీయగానే 'ఇది దాచుకున్నాను' అన్న నమ్మకం కుదిరి కన్ను పని మానేస్తుంది. చిన్న నోటుబుక్కూ పెన్సిలూ చాలు. పెన్సిలెందుకంటే, మన గాలిలో తేమకి కాగితం మెత్తబడితే బాల్‌పెన్ను జారిపోతుంది.

ఇక రెండో సంగతి, సరుకు. మీ కష్టంలో పెద్ద ముడి ఇదే కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగుతాను.

మీకు ఏమీ కనబడకపోవడానికి కారణం పక్కనే ఉండడం కాదు. మీరు దృశ్యాన్ని వెతుకుతున్నారు. డెల్టాలో దృశ్యం తక్కువ, పని ఎక్కువ. ఇక్కడ నీరు ఊరికే పారదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ప్రతి కాలువలో ప్రతి బోదెలో నీటిని ఎవరో ఒకరు వదులుతారు, కడతారు, మళ్ళిస్తారు, ఒక్కోసారి రాత్రిపూట దొంగిలిస్తారు కూడా. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరు చాలక వంతులు పెట్టినప్పుడు ఎవరి వంతు ఎప్పుడో, కాలువ చూసే లస్కరు ఎవరి మాట వింటాడో, తూము దగ్గర కాపలా ఎవరు పడుకుంటారో చూడండి. కథకు కావలసిన తగాదా అంతా అక్కడుంది. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువ నీరు లాగదు. అదే సమయానికి పెద్ద వాన పడితే కోతకొచ్చిన చేను మునుగుతుంది. ఆ రాత్రి రైతు ఏం చేస్తాడన్నదే మీకు కావాలి. ప్రకృతి ఒక గడువు పెడుతుంది, ఆ గడువులోగా మనిషి ఏదో ఒకటి నిర్ణయించుకోక తప్పదు. కథకురాలిగా మీరు వెతకాల్సింది ఆ గడువుల్ని.

ఒకే చోటు ఎంచుకోండి. మీ ఊరి రేవే మంచిది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు. ప్రతిసారీ ముందు మెట్లు లెక్కపెట్టండి, నీటి పైన ఎన్ని కనబడుతున్నాయో. గాలి ఎటునుంచి వీస్తోంది, నీటి రంగేంటి, వాసనేంటి, ఎవరు ఏ పనిమీద వచ్చారు, వాళ్ళు దేని గురించి కంగారుపడుతున్నారు, ఇవి రాయండి. 'అందంగా', 'ప్రశాంతంగా', 'హాయిగా' అన్న మాటలు ఆ పుస్తకంలో రాయకూడదని నియమం పెట్టుకోండి. ఎండాకాలంలో ఏట్లో నీరు తగ్గినప్పుడు పోటూ పాటూ మీ వైపు కూడా తెలుస్తాయి, ఉప్పునీరు ఎగదన్నుతుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఒకే వేళకు వెళ్ళినా వారంలో వేరే ఏరు కనబడుతుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది. ఇవి ఎవరిని కలుపుతాయి, ఎవరిని ఆపుతాయి? రేవులో పడవ నడిపేవాళ్ళని అడగండి.

పుస్తకాన్ని నెలలవారీగా కాక కార్తెలవారీగా పెట్టుకోమంటాను. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. ఇక్కడి సేద్యం, చేప, వాన, జబ్బులు అన్నీ ఆ లెక్కలోనే నడుస్తాయి, పెద్దవాళ్ళ మాటల్లోనూ అదే ఉంటుంది. రోహిణికి ముందు కాలువలు కట్టేసి ఉంటాయి, అడుగున బురద నెర్రెలిచ్చి, పూడిక తీసేవాళ్ళు కనబడతారు. మృగశిర, ఆరుద్రల్లో నారుమళ్ళ తొందర. తర్వాత వరద తెచ్చే ఎర్రనీరు, దాని వెనకే పులస చేప. కార్తెకి రెండు పేజీలు నిండితే ఏడాదికి మీ దగ్గర ఉండేది వర్ణనల కట్ట కాదు, నవలకు కాలపట్టిక. కథలో కాలం తప్పితే గోదావరి పాఠకుడు క్షమించడు. సంక్రాంతికి పులస పులుసు వండిస్తే, ఏప్రిల్లో ఎర్రనీరు పారిస్తే, ఆ తర్వాత మీరు రాసిన కన్నీళ్ళు కూడా అతను నమ్మడు.

ఇప్పుడు మీ నాన్నగారి అడుగుల సంగతికి వస్తాను. ఆయన వరద తీశాకే ఎందుకు లెక్కపెట్టేవారో మీరు రాయలేదు. దాని వెనక గట్టి కారణం ఉంది. లంకల ఒడ్డు చాలాచోట్ల పైన ఒండ్రు, కింద ఇసుక. వంపు బయటివైపు వడి ఎక్కువ, అక్కడ నీరు కింద ఇసుకని తోడేస్తుంది. వరద నిండుగా ఉన్నంతసేపూ ఏటినీరే ఒడ్డును ఆనుకుని కొంత నిలబెడుతుంది. వరద తొందరగా తీసినప్పుడు ఆ ఆసరా పోతుంది, ఒడ్డు మాత్రం నీరు పీల్చి బరువెక్కి ఉంటుంది. అప్పుడు పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడుతుంది. అంటే అసలు నష్టం చాలాసార్లు వరద ఉన్న రోజున జరగదు. 'గండం గడిచింది' అని అందరూ ఇళ్ళకు తిరిగొచ్చి, బురద కడుక్కుంటున్న రోజున జరుగుతుంది.

మీ 40 పేజీలూ వరద ఎక్కుతున్న రాత్రితో ఆగాయని రాశారు. బహుశా ఆగింది అందుకే. ఆ రాత్రిని శిఖరం అనుకుని రాశారు, ఆ తర్వాత చెప్పడానికేమీ లేదనిపించింది. వరద తీసిన మూడో రోజున మళ్ళీ మొదలుపెట్టి చూడండి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక్కడికి మాత్రం తెలుసు.

ఆ రాత్రి ఉత్కంఠకు కూడా విశేషణాలు అవసరం లేదు, అంకెలున్నాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే ప్రవాహం 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). అంతకుముందే భద్రాచలం నుంచి 43, 48, 53 అడుగుల హెచ్చరికలు వినబడుతుంటాయి. 2022 జూలైలో అక్కడ 71 అడుగులు దాటింది. లంకలో ఉన్న కుటుంబం పైనుంచి అంకె వింటుంది, రేవులో మెట్టు చూసుకుంటుంది, పడవ కోసం కబురు పెడుతుంది. ఈ మూడింటి మధ్య గంటల్లో ఎవరు ఏం మాట్లాడుకుంటారో అదే మీ అధ్యాయం.

తిరిగొచ్చిన మీ కథ ఇలా మొదలైంది: "సూర్యుడు ఎర్రగా గోదారిలోకి కరిగిపోతున్నాడు. చల్లని పిల్లగాలి మేనిని తాకుతోంది." వాక్యాల్లో తప్పు లేదు. కానీ సూర్యుణ్ణి ఎవరు చూస్తున్నారు, ఆ పూట వాళ్ళకేం కావాలి అన్నది లేదు. రేవు పుస్తకం నాలుగు వారాలు రాశాక అదే సాయంత్రం ఇలా ఉండొచ్చు:

"పొద్దున రేవులో ఏడు మెట్లుండేవి. ఇప్పుడు నాలుగున్నాయి. గేదె తాడు విప్పడమా, ఇంకో మెట్టు మునిగేదాకా చూడడమా అని ముసలాయన గుంజ దగ్గరే నిలబడ్డాడు. అద్దరి నుంచి పడవ వచ్చి రెండు గంటలైంది."

ఇందులోనూ ఏరుంది, సాయంత్రముంది. కానీ ఏరు ఒక మనిషిని అడుగుతోంది, అతను జవాబు చెప్పాలి. ఇలాంటివే రాయాలని కాదు, మీ గొంతు మీది. వర్ణన ఉన్న ప్రతి పేరా దగ్గరా ఆగి 'ఈ నీటివల్ల ఎవరికి ఏం తేడా వచ్చింది?' అని అడిగి చూడండి. జవాబు లేని పేరాలు కొట్టేస్తే మీ నాలుగు పేజీల్లో అరపేజీ మిగలొచ్చు. ఆ అరపేజీ బాగుంటుంది.

ఇంకో చోట కూడా చాలామంది జారతారు. వరదని దుఃఖానికీ, ఎండిన కాలువని గొడ్రాలితనానికీ, కొబ్బరిచెట్టుని తండ్రికీ గుర్తుగా వాడేస్తారు. మీ 40 పేజీల్లో మూడుసార్లు ఏరు 'ఏడ్చింది'. ఏరుని ఏడవనివ్వకండి. అది ఇసుక తోడుతుంది, అంతే. ఏడ్చేవాళ్ళు ఒడ్డున ఉన్నారు.

సెలవు విషయం. 15 రోజులు మారేడుమిల్లి వెళితే ఏమవుతుందో ఆలోచిద్దాం. మొదటి రెండు మూడు రోజులు నిద్రలో పోతాయి, మీకు ఆ నిద్ర అవసరమే. తర్వాత మనసు తేలికపడొచ్చు. ఫోన్లు లేకుండా నాలుగు రోజులు కొండల్లో నడిచినవాళ్ళు పదాల మధ్య సంబంధం పట్టే పరీక్షలో బయల్దేరనివాళ్ళకంటే 50 శాతం మెరుగ్గా చేశారని 2012లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అయితే ఆ మేలు అడవివల్లా, ఫోను లేకపోవడంవల్లా అన్నది అందులో తేలలేదు. పైగా అక్కడి అడవి మీ నవల కాదు. అక్కడి చెట్లూ మనుషులూ మాటా మీకు కొత్త, వాటిని పైపైన చూసి రాస్తే మళ్ళీ దిండి కథే అవుతుంది. పోయిన జీతానికి ఇంట్లో లెక్క అడుగుతారు, 'ఏం రాశావు?' అని. ఆ ప్రశ్న భుజం మీద కూర్చుంటే చేయి కదలదు. విశ్రాంతి కోసమే వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. అలా అని చెప్పే వెళ్ళండి, పుస్తకం తీసుకెళ్ళొద్దు. దానికి నాలుగైదు రోజులు చాలు, దసరా సెలవుల్లో సరిపోతుంది.

జీతం పోకుండా ఇంకో దారి ఉంది. మీకు వేసవి సెలవులున్నాయి. ఎండకి మధ్యాహ్నం ఏమీ కుదరదు గానీ తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా గట్టు మీద వేరే లోకం. పుంత దార్లో గేదెలు, కొబ్బరికాయలు దింపే కార్మికులు, కట్టేసిన కాలువలో గుంటల్లో చేపలు పట్టే పిల్లలు కనబడతారు. నెల రోజుల తెల్లవారుజాములు మీకు 15 రోజుల అడవికంటే ఎక్కువ సరుకిస్తాయి. నష్టమేంటంటే ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఏడున్నరకల్లా మిమ్మల్ని పిలుస్తారు, మనసుకి పూర్తి విశ్రాంతి దొరకదు.

కొత్త చోటు చూడాలన్న కోరికే ఉంటే ఒక ఆదివారం కోరంగి మడ అడవికి వెళ్ళిరండి. గోదావరి ఇంకో పాయ గౌతమి సముద్రంలో కలిసేచోట ఉంది కాబట్టి మీ నవల ప్రపంచానికి దగ్గర. పాటు వేళకు చేరేలా చూసుకోండి. పోటు మీద వెళితే ఆకులూ నీళ్ళే కనబడతాయి. నీరు తీసినప్పుడు బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరివేళ్ళు, పీతలు, బురద మీద గెంతే చేపలు బయటపడతాయి. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఇలాంటివి వేటకెళ్ళేవాళ్ళతో ఒక గంట కూర్చుంటే తెలుస్తాయి.

ఇక ఇల్లు. అత్తగారి మాటలో లోకభయం ఉంది, మీమీద అక్కర కూడా ఉందని మీ ఉత్తరాన్ని బట్టే అనిపించింది. 'మబ్బేసింది, ఇవాళ వెళ్ళకు' అన్నది కూడా ఆవిడేనని మీరే రాశారు. మీ ముందు మూడు దార్లున్నాయి. ఎవరేమన్నా వెళ్ళడం ఒకటి. హక్కుగా చూస్తే అది సరైనదే. కానీ ప్రతి సాయంత్రం వెనక మాటలు మోసుకుని నడిస్తే, నడకవల్ల వచ్చే మేలు ఆ మాటలకే ఖర్చయిపోతుంది. రెండోది తోడు తీసుకెళ్ళడం. పిల్లల్నో తోటి టీచర్నో తీసుకెళితే నోళ్ళు మూతపడతాయి గానీ మాటల్లో పడి ఆలోచన సాగదు. రేవు పుస్తకానికి తోడు ఫరవాలేదు, ప్రశ్నతో నడిచే రోజుకి పనికిరాదు. మూడోది డాబా మీద నడవడం. స్టాన్‌ఫర్డ్ పరిశోధన ప్రకారం ఊహలకి డాబా కూడా సరిపోతుంది. కానీ డాబా మీద సరుకు దొరకదు, సరుకు కోసం రేవుకి దిగాల్సిందే. ప్రశ్నల నడక డాబా మీద, వారానికి రెండు పొద్దులు రేవు, ఇలా విడదీస్తే గొడవ చాలావరకు తగ్గుతుందని నా అంచనా. గట్టు హక్కు వదులుకున్నట్టు మీకనిపిస్తే మాత్రం మొదటి దారే పట్టండి. ఆ కోపం మింగి రాసేది ఎలాగూ బాగుండదు.

అత్తగారిని ఇంకోలా కూడా చూడమంటాను. 1986 ఆగస్టు వరదకి భద్రాచలంలో 75 అడుగులు దాటింది. ఆవిడకి అప్పటికే కాపురం ఉండి ఉంటుంది. 'ఆ వరద ఎలా ఉండేది అత్తయ్యా?' అని అడిగితే 'అబ్బో, చాలా పెద్దది' అంటారు, అక్కడితో ఆగుతుంది. 'ముందు అటకెక్కించిందేంటి? పొయ్యి ఎక్కడ పెట్టారు? చంటిపిల్లల్ని ఎవరెత్తుకున్నారు? ఏం వదిలేసి వచ్చారు?' అని వస్తువులు అడగండి, చేతులు చేసిన పనులు అడగండి. 1996 నవంబరు తుపాను గురించీ అంతే. ఎదురుగా పుస్తకం తీయకండి, పప్పు ఏరుతూనో పూలు కడుతూనో అడగండి. మీరు ఎందుకు గట్టెక్కుతున్నారో ఆవిడకి అర్థమయ్యే దారి కూడా అదే కావచ్చు.

మీవారి చెరువులు. వరిచేను పోయి రొయ్యలొచ్చాయన్న బాధ మీకుంది, ఆ మాట ఇంట్లో అనలేని ఇబ్బందీ ఉంది. ఆ ఇబ్బందిని పక్కకి నెట్టి 'స్వచ్ఛమైన ప్రకృతి' వెతకడం వల్లే మీ రాత పలచబడిందని నా అభిప్రాయం. చెరువు కూడా ప్రకృతే, అప్పుతో ముడిపడ్డ ప్రకృతి. రాత్రంతా నాచూ రొయ్యలూ ప్రాణవాయువుని వాడేస్తాయి, అందుకే తెల్లవారేముందు అది నీటిలో బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటరు అందుకోకపోతే, గంటల్లో పంట పోతుంది. ఆ గంటల్లో ఆయన గట్టు మీద ఉంటారు. పక్క చేను చౌడుబారిందని తగాదాకొచ్చే రైతుకీ ఆయనే సమాధానం చెప్పాలి. ఒక రాత్రి ఆయనతో కాపలాకి వెళ్ళండి. వెళితే వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఆ తర్వాత మీరు రాసేది ఆయనకి నచ్చకపోవచ్చు. అచ్చుకి పంపేముందు చూపిస్తారా, వ్యక్తుల్నీ చోటునీ మారుస్తారా అన్నది ముందే మీలో మీరు తేల్చుకోండి.

జాగ్రత్తలు రెండు మూడు. వరద తీసిన వారం రోజులూ ఒడ్డు అంచుకి వెళ్ళొద్దు. అంచుకి సమాంతరంగా నెర్రె కనబడితే దానికి చాలా ఇవతలే ఆగిపోండి. ఉరిమితే వెంటనే గట్టు దిగండి, తాటిచెట్టు కిందకీ కొబ్బరిచెట్టు కిందకీ చేరొద్దు. చీకటిపూట టార్చీ, చేతికర్ర, కాలికి బూటు ఉండాలి, చేలగట్ల మీద రక్తపింజరి తిరుగుతుంది. పాము కరిస్తే కోయడాలూ కట్టడాలూ లేకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

మీరు ఉత్తరంలో అడగని సంగతి ఒకటుంది. రెండేళ్ళలో పుట్టింటి లంకకి ఒక్కసారి కూడా వెళ్ళలేదని రాశారు. నవల అక్కడుంది, మీరు దిండికీ మారేడుమిల్లికీ దార్లు వెతుకుతున్నారు. తొందరేమీ లేదు. వెళ్ళే రోజున అన్నయ్యని తోడు తీసుకెళ్ళండి, నీరు తక్కువున్న ఫిబ్రవరి, మార్చిలో వెళ్ళండి. వెళితే ఏడుపు రావచ్చు, ఆ రోజు ఏమీ రాయలేరు, అది మామూలే. వెళ్ళకుండా జ్ఞాపకం మీదే రాయడం కూడా ఒక దారే, ఎందరో అలా రాశారు. కాకపోతే మీ జ్ఞాపకంలో ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది, మీ నవలకి కావలసింది విరిగిన ఒడ్డు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బడికి వెళ్ళాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే దానికి నడక మందు కాదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. రాత దాని తర్వాత.

తిప్పి పంపిన కథని ఇప్పుడు ముట్టుకోకండి. రేవు పుస్తకం రెండు కార్తెలు నిండాక తీసి, సూర్యాస్తమయం నాలుగు పేజీలూ పక్కన పెట్టి, మిగిలిన మనుషులతో మళ్ళీ రాయండి. అదే సంపాదకులకు పంపడానికి సంకోచించొద్దు. 'కథ లేదు' అని కారణం రాసి పంపినవారు మళ్ళీ చదువుతారు. నవల విషయంలో మాత్రం ఈ వారమే ఒక పని చేయొచ్చు. అన్నయ్యకి ఫోన్ చేసి, నాన్నగారి అడుగుల లెక్క ఆయనకి తెలుసేమో అడగండి. తెలుసంటే ఒక అధ్యాయం, తెలియదంటే ఇంకో అధ్యాయం.